త్రైరాశికానికి లొంగని లెక్క
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో మరచిపోలేని సంగతి ఒకటి చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. జీవితమంతా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, ఉక్కు గురించి మాట్లాడబోతున్నాను. నవ్వకండి.

1981లో నేనొక ప్రభుత్వ వర్క్‌షాపులో అకౌంట్సు గుమాస్తాను. మట్టి తవ్వే పెద్ద యంత్రాలకు అక్కడ గేర్లు తయారయ్యేవి. గేరు పన్ను పైన గట్టిగా లేకపోతే అరిగిపోతుంది. లోపలిదాకా గట్టిగా ఉంటే దెబ్బకు పుటుక్కున విరుగుతుంది. కనుక గారెలా ఉండాలి, పైన కరకర, లోపల మెత్తన. అందుకని 0.2 శాతం మాత్రమే కార్బను ఉన్న ఉక్కుతో గేరు చేసి, మూత బిగించిన కొలిమిలో 925 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర ఉంచేవారు. మిథనాల్, అసిటోన్ చుక్కలు చుక్కలుగా లోపలికి వదిలితే ఆ వేడికి గ్యాసుగా మారతాయి. అందులోని కార్బను ఉక్కులోకి ఇంకుతుంది. పైపొరలో అది 0.8 శాతానికి చేరాక నూనెలో ముంచి చల్లార్చేవారు. పెళుసుదనం తగ్గడానికి 180 డిగ్రీల దగ్గర మరోసారి కాచేవారు. పూర్వం గ్యాసు బదులు బొగ్గుపొడి నింపిన పెట్టెల్లో పెట్టి కాల్చేవారట.

ఇక నా ఘనకార్యం. కొలిమి రిజిస్టరులో 1 మి.మీ. లోతు గట్టిపడవలసిన గేర్లకు రెండున్నర గంటలు, 2 మి.మీ. వాటికి పది గంటలు అని ఉంది. త్రైరాశికం వేశాను. ఐదు గంటలే వచ్చింది. తక్కిన ఐదు గంటల కరెంటు, గ్యాసు దుబారా అని నోట్ పెట్టాను. ఫోర్‌మన్ గారికి సర్వీసు ఇక నాలుగు నెలలే ఉంది. నా నోట్ మూలంగా, ఆ సొమ్ము సంగతి తేలేదాకా ఆయన గ్రాట్యుటీ ఆపేశారు.

రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం ఆయన నా బల్ల దగ్గరకు వచ్చారు. కేకలేస్తారనుకున్నాను. తెల్లకాగితం అడిగి తీసుకుని కూర్చున్నారు.

"మీ ఆఫీసులో ఫైలు మొదటి బల్ల దాటినంత త్వరగా చివరి బల్ల దాటుతుందా గుమాస్తా గారూ? కార్బనూ అంతే. లోపలికి పోనుపోను నడక మందగిస్తుంది. లోతు రెట్టింపు కావాలంటే కాలం నాలుగు రెట్లు పడుతుంది."

లెక్క వేసి చూపించారు. గంటల వర్గమూలాన్ని 0.635తో హెచ్చవేస్తే, ఆ వేడి దగ్గర, లోతు సుమారుగా మి.మీ.లలో వస్తుంది. పది గంటలకు 2. నేను చెప్పిన ఐదు గంటలకు 1.42. "పలచని పొర బరువుకు చితికి పన్ను ఊడితే యంత్రం మీద కూర్చున్నవాడి గతేమిటి?" అని ఒక్కమాట అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడే నా నోట్ తప్పని ఇంకో నోట్ పెట్టాను. పెట్టడం తేలికేగాని, పెట్టినదాన్ని వెనక్కు తీసుకోవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా! ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా వారి అమ్మాయి పెళ్లి వచ్చింది. అప్పు తెచ్చి చేశారని తర్వాత విన్నాను. శుభలేఖ మాత్రం నాకూ పంపారు. వెళ్లి వెనక వరసలో కూర్చుంటే, ఆయనే వచ్చి చెయ్యి పట్టుకుని భోజనాల బంతికి తీసుకువెళ్లారు. ఏం తిన్నానో గుర్తులేదు.

ఆ కాగితం ఇప్పటికీ నా పెన్షన్ కాగితాల ఫైల్లోనే ఉంది. ఈవేళ వెంట తెచ్చాను. చూడదలచినవారు టీ వేళ నా దగ్గరకు రావచ్చు.