రథమును రథికుడును



కురుక్షేత్రమున క్రుంగిన రథచక్రమును ఎత్తబోయి కర్ణుడు ప్రాణములనే కోల్పోయెను.

2021 నవంబరు 19న అనంతపురము జిల్లా వెల్దుర్తి చెంత చిత్రావతి వరదలో ఒక కారు చిక్కుకొనెను. అందలివారిని రక్షింపబోయిన జే.సీ.బీ. యంత్రమును నడి ఏటిలో నిలిచిపోయెను. వాయుసేనవారి ఎం.ఐ.-17 హెలికాప్టరు వచ్చి 10 మందిని పైకి చేదుకొనెను. యంత్రమును అచ్చటనే విడిచెను. ఏల? ఆ హెలికాప్టరు క్రింద వ్రేలాడదీసి మోయగల బరువు సుమారు 4 టన్నులు. అట్టి యంత్రము 7 టన్నులకు పైబడును. బురద పట్టు అదనము.

2024 సెప్టెంబరులో, బుడమేరు పొంగినవేళ, విజయవాడపై ఆహారపు పొట్లములు జారవిడిచిన హెలికాప్టర్లను పటమట వాసులెరుగుదురు. నీరు పొరలు బాటపైకి బండిని తోలకుండుటయే వివేకము. చిక్కినచో, మొదట దక్కవలసినవాడు రథికుడు, రథము గాదు.