సంఘం చూపు సమానం
పస్తాపూర్ ఆడవాళ్ళు, పి.వి. సతీష్ – మన డీకేటీ భూములు

(చిత్తూరు, తిరుపతి జిల్లాల దళితవాడల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట పర్యావరణం గురించి మాట్లాడతామంటే మనోళ్ళు కొందరు నవ్వినారు. "చెట్లు, పిట్టల మాటలు కడుపు నిండినోళ్ళవి. మనకు కూలి రేటు, ఇంటి జాగా, శ్మశానానికి దోవ కావాల" అన్నారు. ఆ మాటలో తప్పు లేదు. కానీ వొక్క ప్రశ్న అడుగుతాం. మీ వూరి చెత్త యాడ పోస్తారు? పెద్దిళ్ళ ముందరనా, మన వాడ పక్కనా?

అమెరికాలో రాబర్ట్ బుల్లార్డ్ అనే నల్లజాతి పండితుడు 1979లో ఇదే ప్రశ్న వేసినాడు. హ్యూస్టన్ నగరపాలక సంస్థకు అయిదు చెత్త దిబ్బలుంటే, అయిదూ నల్లవాళ్ళ పేటల్లోనే వున్నాయని లెక్క తీసి చూపినాడు. 1990లో 'డంపింగ్ ఇన్ డిక్సీ' అనే పుస్తకం రాసినాడు. అడవి, పులి మాత్రమే పర్యావరణం కాదు, మనిషి బతికే చోటు, పనిచేసే చోటు కూడా పర్యావరణమేనని అక్కడి నల్లవాళ్ళు చాటినారు.

మన తెలుగు నేల మీద ఇదే పాఠాన్ని భూమి దగ్గర, గింజ దగ్గర నేర్పినవాళ్ళు వున్నారు. వాళ్ళు జహీరాబాద్ పక్కన పస్తాపూర్ చుట్టుపట్ల పల్లెల దళిత ఆడవాళ్ళు. వాళ్ళతో కలిసి నలభై ఏళ్ళు నడిచినవాడు పి.వి. సతీష్.

సతీష్ మన వాడ మనిషి కాదు. 1945లో మైసూరులో పుట్టి, చదువుకొని, దూరదర్శన్‌లో పల్లె కార్యక్రమాలు తీసిన పట్నం మనిషి. 1983లో మిత్రులతో కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పెట్టినాడు. మొదట మగ రైతులతో పని మొదలైంది. తరువాత పేద ఆడవాళ్ళ సంఘాల వైపు తిరిగినారు. అక్కడే అసలు కథ మొదలైంది. సుమారు 75 వూళ్ళలో, సుమారు 5 వేల మంది ఆడవాళ్ళు సంఘాలుగా నిలబడినారు. అందులో ఎక్కువమంది దళితులే.

వాళ్ళ చేతిలో వున్నదేమి? సర్కారు ఇచ్చిన ముక్కా చెక్కా. రాళ్ళు తేలిన ఎర్రనేల, నీళ్ళు లేని బీడు. దున్నేదానికి ఎద్దుల్లేవు, చల్లేదానికి గింజల్లేవు. భూమి పేరుకు మనదే, పని మాత్రం దొర చేలో. ఈ సంగతి మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

1990ల నడుమ ఆ సంఘాలు వొక పని చేసినాయి. కేంద్ర ప్రభుత్వ సాయంతో, బీడు పడిన భూములు దున్నుకొనేదానికి పేద రైతులకు అప్పు ఇచ్చినారు. ఆ అప్పు డబ్బుగా కాదు, అయిదేళ్ళ పాటు జొన్నలుగా తీర్చాల. ఆ జొన్నలు వూళ్ళోనే నిలవ చేసి, కరువు నెలల్లో పేదలకు తక్కువ ధరకు అమ్మినారు. ఎవరు పేద, ఎవరికి ఎంత ఇవ్వాల అనేది ఏ ఆఫీసరూ రాయలేదు. వూరు నడుమ కూర్చొని ఆడవాళ్ళే తేల్చినారు. రెండు వేల ఎకరాలకు పైగా బీడు సాగులోకి వచ్చింది. నేలను బాగు చేయడం, కూలి పుట్టించడం, కడుపు నింపడం – మూడూ వొకే పనిలో జరిగినాయి. దీన్నే మేము పర్యావరణం అంటాం.

గింజ సంగతీ అంతే. జొన్న, కొర్ర, సామ, కంది, అనుము, నువ్వు – వొకే చేలో ఇరవై దాకా పంటలు కలిపి వేస్తారు. వొకటి పోతే ఇంకొకటి నిలుస్తుంది. ఇత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాస్తారు. అంగడికి పోయి చెయ్యి చాపే పని లేదు.

సతీష్ టీవీ మనిషి కదా, కెమెరా తెచ్చి ఆ ఆడవాళ్ళ చేతికే ఇచ్చినాడు. చదువు రాని కూలీ ఆడవాళ్ళు సినిమాలు తీసినారు. పై నుంచి కిందికి చూసి తీస్తే దానికి 'పటేల్ షాట్' అని పేరు పెట్టినారు, దొర మనల్ని చూసేది అట్లనే గనక. కింద నుంచి పైకి చూసేది బానిస చూపు అన్నారు. కంటికి కన్ను సమానంగా తీస్తే 'సంఘం షాట్'. సంఘంలో అందరూ వొకే నేల మీద కూర్చుంటారు గనక. ఇంతకన్నా బాగా కులాన్ని ఏ ప్రొఫెసరు చెప్పినాడు?

రేడియో కోసం స్టూడియో కట్టుకొని, అనుమతి కోసం ఏళ్ళ తరబడి కాచుకున్నారు. 2008 అక్టోబరు 15న మాచునూరు నుంచి సంఘం రేడియో పలికింది. దాన్ని నడిపినవాళ్ళు జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ దళిత బిడ్డలే.

ఇక్కడ మనలో వొక అనుమానం వుంది. దాన్ని దాచుకోకూడదు. "దొరలు వరన్నం తిని, మనల్ని మాత్రం జొన్న, రాగి తినమంటారా? 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినాకే కదా మన పిల్లోళ్ళు అన్నం చూసింది?" నిజమే. బియ్యం మనకు ఆకలి నుంచే కాదు, అవమానం నుంచి కూడా విడుదల. బియ్యం వద్దని ఎవడూ మనకు నీతులు చెప్పనక్కర్లేదు. మా ప్రశ్న వేరే. మన భూమిలో ఏమి వేయాలో నిర్ణయించేది ఎవరు? ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నది. నిన్నటిదాకా మనల్ని ఎగతాళి చేసిన సంగటి, ఈ రోజు పెద్ద హోటళ్ళలో వడ్డిస్తా వుండారు. ఆ లాభంలో గింజను కాపాడిన ఆడదానికి వాటా యాడ? ఆ ఏడాదే మార్చి 19న సతీష్ కన్ను మూసినాడు.

స్వచ్ఛంద సంస్థ భూమి పోరాటానికి బదులు కాదు. దొర చేతిలో మిగులు భూమి అట్లనే వుంటే, బుట్టెడు ఇత్తనాలతో విముక్తి రాదు. అయినా ఆ ఆడవాళ్ళు చేసి చూపినదాన్ని మనం తీసుకోవాల.

మన దిక్కు చూడండి. రాగి, కొర్ర, ఆరిక పండిన మెట్టల్లో వేరుశెనగ వొక్కటే మిగిలింది. వాన తప్పితే అప్పు మిగులుతుంది. మామిడి తోటలు పెరిగినాయి. 2025లో తోతాపురి ధర పడిపోతే కాయలు రోడ్డున పోసినారు. మన డీకేటీ భూములు ఎన్ని ఆ తోటల్లో కలిసిపోయినాయో మనకే లెక్క లేదు. అమ్మకూడదు, కొనకూడదు అని 1977లో 9/77 చట్టం వచ్చింది. 2023లో దాన్ని సవరించి, 20 ఏళ్ళు నిండిన భూములు అమ్ముకొనే వీలు కల్పించినారు. హక్కు మంచిదే. కానీ పెండ్లికో, ఆస్పత్రికో అప్పు చేసిన ఇంటి ముందర కొనేవాడు కాచుకొని వుంటాడు. అమ్మినాక మళ్ళీ కూలికే పోవాల.

కాబట్టి వాడకు పోయినాక మూడు పనులు చేయండి. ఎవరి డీకేటీ పట్టా ఎవరి సాగులో వుందో ఇల్లిల్లూ తిరిగి రాయండి. బీడున్న చోట సంఘంగా దున్నండి, ఇంటికొక కడవ ఇత్తనం దాచండి. గ్రామసభలో ఆ లెక్కను ఆడవాళ్ళ చేతే చదివించండి.

పటేలు చూపుకు తల వంచొద్దు. కంటికి కన్ను సమానంగా చూద్దాం.

జై భీమ్!