నిషేధం ఒకరిది, శిక్ష ఒకరికి

ఎవరి పేరిట మనం ఏటా ఇలా కూడుతున్నామో, ఆ గురువుగారు ఏ చట్టం చేతికొచ్చినా మా చేత రెండు ప్రశ్నలు వేయించేవారు: దీన్ని మీరితే జైలుకు వెళ్లేదెవరు? దీనివల్ల అనర్థం జరిగితే జవాబు చెప్పేదెవరు? ఈ సాయంత్రం అమెరికా రాష్ట్రాల గర్భస్రావ చట్టాలను ఆ ప్రశ్నలతోనే పరిశీలిద్దాం.

2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు డాబ్స్ కేసులో, గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన 1973 నాటి రో తీర్పును కొట్టివేసింది. గర్భస్రావం రాజ్యాంగ హక్కు కాదనీ, దాని సంగతి ప్రజలూ వారి ప్రతినిధులూ తేల్చుకోవాలనీ చెప్పింది. పిండానిదీ ప్రాణమేనని నమ్మేవారు శాసనసభలో గెలిచి నిషేధం తెస్తే దాన్ని అప్రజాస్వామికం అనలేం. అయితే చట్టం చేసే అధికారం అందుకున్నవారు దాని పర్యవసానాన్నీ నెత్తికెత్తుకోవాలి. టెక్సస్‌లో జరిగింది అందుకు విరుద్ధం.

2021 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన అక్కడి ఎస్‌బీ 8 చట్టం ప్రకారం, దాదాపు ఆరు వారాలు దాటాక గర్భస్రావం చేసినవారిపైనా, సాయపడినవారిపైనా ఎవరైనా దావా వేయొచ్చు. గెలిస్తే కనీసం 10,000 డాలర్లు. ప్రభుత్వాధికారులు మాత్రం దాన్ని అమలు చేయకూడదు. చట్టాన్ని ముందే సవాలు చేద్దామంటే కోర్టుకీడ్చడానికి అధికారి దొరకకూడదన్నదే ఎత్తుగడ. తిలాపాపం తలా పిడికెడు అంటాం. ఇక్కడ ఆ పంపకాన్ని శాసనసభే చేసిపెట్టింది.

మరుసటి ఏడు ఆగస్టులో క్రిమినల్ నిషేధమూ వచ్చింది. గర్భిణికి శిక్ష లేదు. వైద్యుడికి యావజ్జీవం దాకా జైలు, లక్ష డాలర్లకు తగ్గని జరిమానా, లైసెన్సు రద్దు. తల్లి ప్రాణానికి ముప్పుంటే మినహాయింపు ఉంది. ముప్పు ఎంత ముదిరితే అది వర్తిస్తుందో మాత్రం వైద్యులకు తెలియలేదు. ఉమ్మనీరు ముందే పోయి, బిడ్డ దక్కదని తెలిసినా, సెప్సిస్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చిందని, ఈ మినహాయింపుపై టెక్సస్ కోర్టుకెక్కిన జురావ్‌స్కీ కేసులో వాది చెప్పుకుంది. 2023 డిసెంబరులో, గర్భస్రావానికి అనుమతి కోరిన కేట్ కాక్స్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు, వైద్యురాలు సదుద్దేశంతో నమ్మితే చాలదు, సహేతుకమైన వైద్య నిర్ణయమై ఉండాలంది. సహేతుకమో కాదో తేలేదెప్పుడు? అంతా అయిపోయాక, ప్రాసిక్యూటరు ఎదుట. మన 1971 గర్భవిచ్ఛిత్తి చట్టంలోని 8వ సెక్షను సదుద్దేశంతో పనిచేసిన వైద్యుడికి రక్షణ ఇస్తుంది. ఎంత తేడా!

చట్టం స్పష్టంగానే ఉంది, వైద్యులే తప్పుగా చదివారని నిషేధవాదులు అన్నారు. 2024లో జురావ్‌స్కీ తీర్పు కూడా అటే మొగ్గింది. మరి ముప్పు తక్షణమై ఉండనక్కర్లేదని 2025లో అదే శాసనసభ కొత్తగా ఎందుకు రాయాల్సి వచ్చింది? భయపడి చేతులు ముడుచుకున్న ఆసుపత్రులకు బాధ్యతే లేదని నేననను. ఆ భయానికి కారణమైన వాక్యం మాత్రం ఆసుపత్రులు రాసింది కాదు.

ప్రజలే నిర్ణయించారన్న మాట అన్నిచోట్లా చెల్లదు. కాన్సస్ ఓటర్లు 2022 ఆగస్టులో, గర్భస్రావ హక్కును తొలగించే సవరణను తామే తిరస్కరించారు. ఫ్లోరిడాలో మాత్రం 2024లో హక్కుకు 57 శాతం మంది ఓటేసినా, కావలసిన 60 శాతం రాక ఆరు వారాల నిషేధం నిలిచింది. టెక్సస్‌లోనైతే పౌరులు తమంతట తాము ఆ ప్రశ్నను బ్యాలెట్‌కు ఎక్కించే వీలే లేదు. అలాంటి చోట శాసనసభ ప్రజల చాటున దాక్కోలేదు.

చట్టంలోని మాటను మార్చగల అధికారం ఎవరిదో, ఆ మాట చేసిన కీడుకు మొదటి బాధ్యులు వారే. ముప్పును నిర్ణయించేదెవరో, ఆ నిర్ణయాన్ని తర్వాత ఏ కొలతతో తూస్తారో చట్టంలోనే తేల్చాలి. అది చేయని శాసనసభకు వైద్యుణ్ణి బోనెక్కించే నైతిక హక్కు లేదు.