మరుగుదొడ్డికి ముందు మట్టిని పరీక్షింపుడు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణా శిబిరమున గావించిన ప్రసంగ పాఠము)



2014 అక్టోబరు 2వ తేదీన స్వచ్ఛ భారత్ కార్యక్రమము ప్రారంభమైనది మొదలు మన గ్రామములలో మరుగుదొడ్లు విరివిగా వెలసినవి. ఇది మిక్కిలి హర్షింపదగిన విషయము. కాని గది కట్టుటతో పని ముగియలేదు. అందుండి వెడలిన నీరు తుదకు ఎచ్చటికి పోవును? దీనికి సమాధానము మన కాళ్లక్రింది మట్టిలో ఉన్నది. ఆ మట్టిని ముందుగా పరీక్షించుటను గూర్చి నేడు మీకు మనవి చేయదలచితిని.

సెప్టిక్ టాంకు మురికినంతను హరించునని పలువురు భావింతురు. ఇది పొరపాటు. టాంకులో మడ్డి అడుగున పేరుకొని కొంత జీర్ణమగును. పైనున్న నీరు బయటికి వచ్చును. అది కంటికి తేటగా కనిపించినను అందు వ్యాధిక్రిములు మెండుగా ఉండును. దానిని వడగట్టునది మట్టియే. నీరు సన్నని మట్టి రేణువుల నడుమ నెమ్మదిగా దిగునపుడు క్రిములు అందు చిక్కుకొని నశించును. కావున నేల నీటిని పీల్చుకొనవలెను. అట్లని మరీ వేగముగా జారవిడువరాదు.

ఇందుకు నా అనుభవమే నిదర్శనము. స్వగ్రామమున మా ఇల్లు నల్లరేగడి నేలపై ఉన్నది. టాంకును, ఇంకుడుగుంతను నడివేసవిలో త్రవ్వించితిని. నేల బీటలు వారియుండెను. బిందెడు నీరు పోయగానే క్షణములో మాయమయ్యెను. “నేల బాగా నీరు పీలుస్తోంది బాబూ, ఇక దిగులు లేదు” అని మేస్త్రి అనెను, నేనును సంతసించితిని. శ్రావణమున వానలు పడగా నేల ఉబ్బి బీటలు పూడినవి. గుంత నిండి మురుగు పెరటిలోనికి పొంగెను. మా తల్లిగారు పెరటి బావినీరు త్రాగుట మానవలసివచ్చెను. పదిమందికి ఆరోగ్య సూత్రములు బోధించు నేనే పరీక్ష చేయక త్రవ్వించితిని. మీ గ్రామమున అట్లు జరుగరాదని ఈ మాట దాచక చెప్పుచున్నాను.

పరీక్ష కష్టమైనది కాదు. గడ్డపార, బిందె, కొలబద్ద, గడియారము చాలును. నీరు ఇంకవలసిన లోతు వరకు జానెడు వెడల్పున రంధ్రము త్రవ్వుడు. దాని గోడలను చాకుతో గీరి, విడిమట్టి తీసివేసి, అడుగున రెండంగుళముల మందమున సన్న గులకరాళ్లు పరువుడు. వానిపై అడుగు ఎత్తున నీరు పోసి, తగ్గినపుడెల్ల నింపుచు, ఒక రాత్రి నాననిండు. ఇదియే ముఖ్యము. నేల తడిసి వానకాలపు స్థితికి వచ్చిన పిమ్మటనే కొలత నిజము చెప్పును.

మరునాడు గులకరాళ్లపై ఆరంగుళముల నీరుంచి, అరగంటలో ఎంత తగ్గినదో చూడుడు. రాత్రి పోసిన నీరంతయు ఇంకిపోయియున్నచో, అరగంటకొకసారి మరల ఆరంగుళములకు నింపుచు నాలుగు గంటలు కొలిచి, కడపటి అరగంట కొలతను గైకొనుడు. అరగంటలో రెండంగుళములు తగ్గినచో అంగుళమునకు 15 నిమిషములు పట్టినట్లు లెక్క. అంగుళమునకు 30 నిమిషములు మించినచో టాంకు నీటికి లోతైన ఇంకుడుగుంత పనికిరాదు. 60 నిమిషములు మించినచో ఆ నీటిని నేలలో ఇంకించు పద్ధతియే అచ్చట తగదు. స్థలమున ఒక్క రంధ్రముతో తృప్తిపడక రెండు మూడు చోట్ల చూడవలెను.

ఇంకుట యొక్కటియే చాలదు. భూగర్భజలము ఎంత లోతున నున్నదో కూడ తెలియవలెను. వానకాలమున పొరుగు బావులలో నీటిమట్టము చూచిన ఇది తెలియును. గుంత అడుగునకు, ఆ మట్టమునకు నడుమ రెండు మీటర్ల మట్టి ఉండుట క్షేమము. కృష్ణా, గోదావరి డెల్టాలలో నీరు పైపైననే దొరకు గ్రామములందు గుంతను భూమికంటె ఎత్తు చేసి, చుట్టును మట్టి కప్పవలెను. నల్లరేగడిలో జంట గుంతల దొడ్డికి, గుంతల గోడల వెలుపల అడుగు మందమున ఇసుక నింపుట మేలు. త్రాగునీటి బావికి కనీసము పది మీటర్ల ఎడము పాటింపుడు. అయితే పలుచని మట్టిక్రింద పగుళ్లుగల రాయి ఉన్నచో ఆ ఎడమును నమ్మరాదు. మురుగు వడగట్టబడకయే ఆ పగుళ్ల వెంట బోరుబావిని చేరవచ్చును. అట్టిచోట ఇంజనీరు సలహా లేక గుంత త్రవ్వరాదు.

1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలులో త్రాగునీరు, పారిశుద్ధ్యము రెండును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. ఈ రెంటిని విడదీసి చూడరాదు. కావున సభ్యులు మూడు పనులు పూనుకొనవలెను. కొత్త కట్టడము మొదలిడుటకు ముందే నేలపరీక్ష చేయించుడు. వీధివారీగా ఆ ఫలితములను, వానకాలపు బావుల మట్టములను ఒక పుస్తకమున వ్రాయించుడు. టాంకు గొట్టములను వీధి కాలువలోనికి విడువనీయకుడు.

ఒక రాత్రి నేలను నానబెట్టు ఓపిక మనకున్నచో, ఏండ్ల తరబడి ఊరి బావులు నిర్మలముగా నుండును. నా ఇంట ఆలస్యముగా తెలిసిన ఈ సంగతి మీ ఇండ్లలో ముందుగానే తెలియవలెనని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.