మన వాకిలి ఫోటో, మన మగ్గం మీది బొమ్మ



మొబైల్‌లో తీసిన ఫోటోను చూసి వాల్ హ్యాంగింగ్ ఎట్ల నేయాలో చెప్పమని మన ఫెడరేషన్ పిల్లలు అడిగిన్రు. నేను ఎనిమిదో తరగతి చదివినవాణ్ణి. ఇంట్ల తెలుగు, బజార్ల మరాఠీ, సొసైటీ రిజిష్టర్ల రెండూ కలిపి రాస్తా. తప్పులుంటే మన్నించండి.

సోలాపూర్ అంటే చాదర్, టవల్ అని దేశమంతా తెలుసు. చేతిమగ్గం మీద మనం మనిషి మొఖం కూడా నేస్తమని తెలిసినవాళ్ళు తక్కువ. ఇన్నేండ్ల నుంచి పని ఎట్ల నడుస్తున్నది? గిరాకి ఒక ఫోటో తెచ్చి ఇస్తడు, మనం నేస్తం. శివాజీ మహరాజ్, బాబాసాహెబ్, గాంధీ, గణపతి, తిరుపతి బాలాజీ, ఆ తర్వాత ఏ మంత్రిది పుట్టినరోజు ఉంటే ఆయన. తప్పు కాదు, ఆ పనితోనే మా ఇల్లు నడిచింది. మా నాయిన ఎంతమంది పెద్దల మొఖాలు నేసిండో లెక్కలేదు.

ఆయన పోయిన రోజు దండ వేయడానికి ఇంట్ల ఒక్క ఫోటో లేదు. ఎవరిదో పెండ్లిల తీసిన గ్రూప్ ఫోటో దొరికింది, అందుల వెనక వరుసల నిలబడ్డడు. స్టూడియో ఆయన ఆ మొఖం ఒక్కటి కోసి, పెద్దది చేసి, కింద కోటు, టై గీసి ఇచ్చిండు. అప్పుడు అందరికీ అట్లనే చేసేవాళ్ళు. మా నాయిన జన్మల కోటు తొడగలేదు. ధోతి, బనీను, భుజం మీద తువ్వాల, అంతే. ఇప్పటికీ మా గోడ మీద కోటుతోనే ఉన్నడు. మా మనవడు ఆ ఫోటో చూసి, తాత బ్యాంకుల పని చేసేవాడా అని అడిగిండు.

మూడేండ్ల కిందటి మాట. మా చెల్లె కొడుకు ఒక ఫోటో చూపెట్టిండు. వాళ్ళమ్మ పొద్దున్నే గడప దగ్గర చాట ఒడిల పెట్టుకొని బీడీలు చేస్తున్నది. ఎండ ఏటవాలుగా చేతుల మీద పడ్డది. "మామా, దీన్ని మగ్గం మీద ఎక్కిస్త" అన్నడు. నేను కోపానికి వచ్చిన. "బీడీల చాట ఎవడు కొంటడురా? నూలు ఏమన్న ఫుకట్‌కు వస్తున్నదా?" అన్న. సెక్రటరీని కదా, నూలు లెక్క నాది. వాడేమీ అనలేదు. ఐతవారం ఐతవారం ఖాళీగ ఉన్న మగ్గం మీద కూచొని, మిగిలిన నూలు ముక్కలతో మొదలుపెట్టిండు.

మొదటిసారి చెడిపోయింది. ఎందుకు చెడిందో అదే అసలు పాఠం కాబట్టి కొంచెం వివరంగ చెప్త.

మొబైల్ ఫోటోల కోటికి మించి చుక్కలు ఉంటయి. మా మగ్గం మీద పడుగు అంగుళానికి పన్నెండు పోగులు. రెండు ఫీట్ల వెడల్పు బొమ్మ అంటే అడ్డంగా 288 పోగులు, అంతే. అందుల మనిషి మొఖం రెండు అంగుళాలు వస్తే 24 పోగులు. ఆ 24 పోగులల్ల రెండు కండ్లు, ముక్కు, నోరు సర్దాలె. కనురెప్పలు నేస్తా అంటే నడవదు. ఏటవాలు గీత మెట్లు మెట్లుగా వస్తది. వీడేమో ఫోటోల ఉన్నదంతా పెట్టిండు. వెనక కుక్కర్, గోడ మీద క్యాలెండర్, కరెంటు వైరు, చెప్పుల జత, అన్నీ. కుక్కర్ ఏదో, మా చెల్లె తలకాయ ఏదో తెలువలేదు.

రెండోసారి నేనే పక్కన కూచున్న. కోపం పోయింది, పని చూస్తే ఉండలేం కదా. ఫోటోను మొబైల్‌లనే నలుపు తెలుపు చేసినం. కండ్లు సగం మూసి దూరం నుంచి చూసినం. అట్ల చూస్తే చిన్నవి మాయమైతయి, పెద్ద వెలుగు, పెద్ద నీడ నిలుస్తయి. నిలిచినయి ఏంటివి? చాట గుండ్రం, రెండు చేతులు, వంగిన తల, గడప మీద ఎండ. మిగతావన్నీ తీసేసినం. మొఖం సగం నీడల ఉంచినం. నీడకు కండ్లు, ముక్కు అక్కరలేదు. తర్వాత గ్రాఫ్ కాగితం మీద గళ్ళు నింపినం. మొత్తం ఐదు రంగులు: ఆకుకు ముదురు ఆకుపచ్చ, చీరకు ఇటుక రంగు, నీడకు కాఫీ రంగు, చేతులకు గోధుమ రంగు, ఎండకు పసుపు కలిసిన తెలుపు.

ఇంకొక్క పొరపాటు జరిగింది. మేము వెనక మొఖం పైకి పెట్టి నేస్తం. గ్రాఫును అద్దంల చూసినట్టు తిప్పి పెట్టుకోవాలె. మరిచిపోయినం. కోసి తిప్పి చూస్తే ఎడమది కుడి అయింది. మా చెల్లె చూసి అన్న మొదటి మాట, "అన్నా, నేను ఎప్పుడన్న ఎడమ చేత్తోని కత్తెర పట్టిన్నా?"

రెండో మాట నవ్వుకునేది కాదు. "ఈ చాట పదిమందికి చూపెట్టాల్నా? కొంచెం చెప్తే మంచి చీర కట్టుకునేదాన్ని కదా." మాకు నోట మాట రాలేదు. మనింట్ల ఆడవాళ్ళు తునికాకు కోసి, తంబాకు నింపి, దారం కట్టి ఇండ్లు నిలబెట్టిన్రు. మగ్గం ఆగిన దినాల్ల పిల్లల ఫీజు కట్టింది ఆ చాటనే. అయినా చుట్టాలొస్తే చాట మంచం కిందికి పోతది. వాడు అడగకుండ తీసిండు, నేను అడగకుండ నేయనిచ్చిన. అందుకే పిల్లలకు చెప్తున్న: ఫోటో తీయకముందు కాకపోతే తీసినంకనైనా మనిషికి చూపెట్టండి. వద్దంటే డిలీట్ చేయండి. అమ్మ అయినా సరే.

ఆ బొమ్మ ఏడు నెలలు సొసైటీ ఆఫీసుల గోడకు ఉన్నది. ఒకరోజు ఒక టీచరమ్మ వచ్చి ధర అడిగింది. వాడికి 18 ఐతవారాలు పట్టింది, ఏం ధర చెప్పాలె? చెల్లెకు ఫోన్ చేసి అడిగిన. "అమ్మకు" అన్నది. నెల తర్వాత ఆమెనే వచ్చి దాన్ని తన ఇంటికి తీసుకపోయింది. ఇప్పుడు ముందర గదిల ఉన్నది. టీచరమ్మకు ఇంకొకటి నేసి ఇచ్చినం, ఈసారి కుడిచేతి కత్తెరతోని.

దీంతో కడుపు నిండుతదని నేను చెప్పను. కూలి లెక్క వేస్తే ఇంకా తక్కువే పడ్తది. కాని పెద్దల మొఖాలు ఇప్పుడు ఫ్లెక్సు మీద గంటల దిగుతున్నయి, ఆ పోటీల మనం నిలువలేం. మన గడప ఫోటో మాత్రం ఇంకెవని దగ్గర లేదు.

హక్కు సంగతి కూడా ఉన్నది. ఒకసారి పై ఊరి వ్యాపారి ఒక చెరువు ఫోటో తెచ్చి నాలుగు పీసులు నేయించిండు. ఇంటర్నెట్‌ల తీసుకున్నదట. తీసినాయన నోటీసు పంపంగనే వ్యాపారి మాయమైండు, పీసులు మా మీద పడ్డయి. కాపీరైటు చట్టం 1957 నాటిది. ఫోటోకు కూడా హక్కుదారుడు ఉంటడని అప్పుడు తెలిసింది. మామూలుగా తీసినవాడిదే హక్కు. మనం మన చేతులతోని తీసుకుంటే ఆ భయం లేదు.

ఇది కొత్త పని అని ఎవరన్న అంటే ఒప్పుకోకండి. చీరాల తేలియా రుమాళ్ళల్ల మనవాళ్ళు విమానాలు, గడియారాలు నేసిన్రు. నూలును ముందే ముడులు కట్టి అద్దకం చేసి, మగ్గం మీద బొమ్మ తేలేటట్టు చేసుడు అది. ఆకాశంల విమానం పోతుంటే అందరూ తల ఎత్తి చూస్తరు, మన నేతగాడు చూసి వచ్చి నూలు ముడి కట్టిండు. చేతిల మొబైల్ లేదు, కన్నే కెమెరా.

చాదర్ మీద పువ్వు ఎత్తే జకార్డ్ ఉన్నది కదా, అది ఫ్రాన్సు దేశంల జకార్డ్ అనే ఆయన పేరు. ఆయన పోయినంక 1839ల లియాన్ ఊరి నేతగాండ్లు ఆయన బొమ్మనే పట్టు మీద నేసిన్రు, 24,000 అట్టలు పట్టినయి. చూసినవాళ్ళు అచ్చు వేసిన బొమ్మ అనుకునేవాళ్ళట. ఫోటో తీసే పద్ధతిని ప్యారిస్‌ల లోకానికి చెప్పింది కూడా ఆ 1839లనే. మగ్గం, ఫోటో చిన్నప్పటి నుంచి ఒక గల్లీ పిల్లలే అని నాకు అనిపిస్తది.

ఏం తీయాలె అని అడుగుతున్నరు. దూరం పోవద్దు. అశోక్ చౌక్‌ల పొద్దున ఆరు గంటలకు ఒక చుట్టు తిరగండి. రంగు వేసిన నూలు చిలపలు కర్రల మీద ఆరేస్తే కింద బురదల నీలం చుక్కలు పడ్తయి. సైకిల్ వెనక చాదర్ల మూట, దాని కింద మనిషి కాళ్ళు మాత్రమే కనిపిస్తయి. నారళీ పున్నమికి మార్కండేయ స్వామి రథం తీస్తరు, ఆ రథం ఫోటో అందరూ తీస్తరు. రథం పోయినంక రోడ్డు మీద మిగిలిన పూలు, చీపురు పట్టుకున్న మనిషి, అది తీయండి. మనుషుల్ని నిలబెట్టి "నవ్వు" అనకండి. పని చేసుకోనియ్యండి.

ప్రతి ఐతవారం పది నుంచి పన్నెండు దాక నేను ఆఫీసుల ఉంట. గ్రాఫ్ కాగితం, మిగులు నూలు సొసైటీ ఇస్తది, కమిటీ ఒప్పుకున్నది. ఫోటో వాట్సాప్‌ల మామూలుగ పంపితే చిన్నదైపోతది, డాక్యుమెంటుగ పంపండి, లేకుంటే మొబైల్ పట్టుకొనే రండి.

నా సొంత పని ఒకటి అడుగుత. మీ ఇండ్లల్ల ట్రంకు పెట్టెలల్ల పాత పెండ్లి ఫోటోలు ఉంటయి. వెనక ఎక్కడన్న గుంట మగ్గం, దాని మీద బనీను మీద ఉన్న సన్నటి మనిషి కనిపిస్తే ఆ ఫోటో ఒక్కరోజు ఇవ్వండి, జాగ్రత్తగ వాపసు ఇస్త. మసకగ ఉన్నా సరే, 24 పోగులకు సరిపోతది.