గోళీ మింగేది మనం, సంగతి తెలియాల్సిందీ మనకే

(మానవపాడులో మహిళా సంఘాల సభ్యులు, ఆశా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నెలసరి గురించి నలుగురిలో మాట్లాడాలంటే మనలో చాలామందిమి ఇప్పటికీ తల దించుకుంటాం. ఆ మౌనానికి మనం ఎంత మూల్యం చెల్లిస్తున్నామో చెప్పాలనే వచ్చాను. నేను డాక్టరును కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. కానీ 29వ ఏట నుంచి ఈ జబ్బుతోనూ, దీని మందులతోనూ బతుకుతున్నాను.

పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్‌ను మన దగ్గర 'నీటి బుడగలు' అంటారు. నిజానికి అవి పూర్తిగా ఎదగకుండా ఆగిపోయిన అండపు సంచులు. దీనివల్ల నెలసరి తప్పుతుంది, గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి, మొటిమలు పోవు. చాలామందిలో ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలలో నూటికి 10 నుంచి 13 మందికి ఇది ఉంటుంది. ఇంతమందికి ఉన్నది ఒక్కొక్కరి తప్పు ఎట్లా అవుతుంది?

నాకు మెట్‌ఫార్మిన్ రాసిన డాక్టరు రెండే మాటలన్నారు. 'బరువు తగ్గు, తొందరగా పెళ్ళి చేసుకో.' గోళీ ఎందుకో చెప్పలేదు, వేసుకుంటే ఏమవుతుందో చెప్పలేదు. మొదటి వారమే వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మానేశాను. మానేసినట్టు ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. పరిశోధన చేసే నేనే అడగలేకపోయాను.

తర్వాత తెలుసుకున్న సంగతి చాలా చిన్నది. మెట్‌ఫార్మిన్‌ను తక్కువ మోతాదుతో, తిండితోపాటు మొదలుపెట్టి, వారం రెండు వారాలకొకసారి మెల్లగా పెంచాలి. కడుపు తట్టుకోకపోతే మెల్లగా కరిగే రకం గోళీలున్నాయి. చాలామందికి ఈ బాధ కొద్ది వారాల్లో తగ్గుతుంది. ఈ నాలుగు మాటలు ముందే చెప్పి ఉంటే నా ఏడాది వృథా అయ్యేది కాదు.

నాకు కనీసం ఇంట్లో మరుగుదొడ్డి ఉంది. ఈ నడిగడ్డలో సీడు పత్తి చేన్లలో క్రాసింగ్ పనికి పోయే ఆడపిల్లల సంగతి చూడండి. సాయంత్రం మొగ్గలు విప్పాలి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. పువ్వు ఎవరి కోసమూ ఆగదు. ఒక 22 ఏళ్ళ అమ్మాయి నాతో అన్నది: 'అక్కా, గోళీ ఏసుకున్న రోజు కడుపు ఆగదు. చేన్ల యాడికి పోవాలె? అందుకే బంద్ చేసిన.' కర్నూలు పోయి మళ్ళీ డాక్టరును అడగాలంటే ఒకరోజు కూలీ పోతుంది. ఆమె మందు మానింది నిర్లక్ష్యంతోనా, లేక చేనులో మరుగులేకనా?

ఆ అమ్మాయికే నెలసరి సరిచేయడానికి హార్మోను గోళీలు కూడా రాశారు. అవి కుటుంబ నియంత్రణ గోళీల జాతివే. వాళ్ళమ్మ భయపడింది. 'పెండ్లి గాని పిల్ల సంచిల ఇవి కనిపిస్తే ఎవరు చేసుకుంటరు?' అన్నది. గోళీలు పొయ్యిలో పడ్డాయి.

మన ఆరోగ్య వ్యవస్థ స్త్రీని ఎక్కడ వెతుకుతుందో గమనించండి. గర్భనిరోధక మాత్రలు 'అర్హులైన దంపతుల' రిజిస్టరులో ఉంటాయి. మెట్‌ఫార్మిన్ షుగరు వ్యాధి ఖాతాలో ఉంటుంది, ఆ పరీక్షలు 30 ఏళ్ళు దాటినవారికి. 2014లో మొదలైన కిశోర స్వాస్థ్య కార్యక్రమం 19 ఏళ్ళతో ఆగిపోతుంది. 22 ఏళ్ళ పెళ్ళికాని కూలీ అమ్మాయి ఏ ఖాతాలోకి వస్తుంది? భార్యగానో, తల్లిగానో కాకుండా మనిషిగా ఆమెకు వైద్యం పొందే హక్కు లేదా?

మందు మానేస్తే ఏమవుతుంది? మూడు నెలలకు మించి నెలసరి రాకుండా వదిలేస్తూ పోతే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. ఒక్కసారిగా విపరీతంగా రక్తం పోవచ్చు, ఏళ్ళు గడిస్తే క్యాన్సరు ప్రమాదమూ పెరుగుతుంది. అప్పుడు 'గర్భసంచి తీసేస్తే పోతుంది' అనేవాళ్ళు సిద్ధంగా ఉంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 8.9, తెలంగాణలో 7.7. దేశం మొత్తం మీద 3.2 మాత్రమే. ఈ ఆపరేషన్లన్నీ ఈ జబ్బువల్ల అని నేననడం లేదు. నెలసరి బాధను మొదట్లో ఎవరూ పట్టించుకోకపోతే అది చివరికి ఎక్కడికి చేరుతుందో చెబుతున్నాను.

చెప్పకుండా మందివ్వడం మనకు కొత్త కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం జరుగుతున్నప్పుడు, అది ప్రయోగమన్న సంగతి స్త్రీలకు తెలియదు. స్త్రీ శక్తి సంఘటన అడ్డుకుంది. సహేలీ, చింగారీలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ పోరాటం మందులకు వ్యతిరేకం కాదు, తెలియజేయకపోవడానికి వ్యతిరేకం. నేనూ ఈ గోళీలు మానమని చెప్పడం లేదు. ఇప్పటికీ వేసుకుంటున్నాను.

ఆశా అక్కలారా, మీరు ఇవి చెప్పగలరు. మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టాక అండం విడుదల కావచ్చు, 'నెలసరే లేదు, గర్భం రాదు' అనుకోవద్దు. ఏళ్ళ తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు, చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కుతుంటే పరీక్ష అడగాలి. హార్మోను గోళీలకు ముందు బి.పి. చూడాలి. కాలు వాచి నొప్పి పెడితే, ఛాతీలో నొప్పి వస్తే, ఆయాసపడితే వెంటనే ఆస్పత్రికి పోవాలి. పెళ్ళికాని పిల్ల ఈ గోళీలు వేసుకుంటే అది వైద్యం, నడవడికకు సాక్ష్యం కాదు. ఈ మాట ముందు తల్లులకు చెప్పండి.

సంఘాల వాళ్ళం మనం రెండు అడుగుదాం. క్రాసింగ్ పని జరిగే ప్రతిచోటా మరుగుదొడ్డి, నీళ్ళు ఉండాలి. విత్తనం మీద లాభం తీసేవాళ్ళదే ఆ బాధ్యత. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పెళ్ళయిందా అని అడగకుండా ఈ జబ్బుకు మందివ్వాలి, ఎట్లా వాడాలో చెప్పాలి.

వచ్చే క్రాసింగ్ మొదలయ్యేలోపు ఈ రెండూ అడగాలి. ఆ అమ్మాయి మళ్ళీ గోళీ మొదలుపెట్టింది, ఈసారి రాత్రి అన్నంతో. చేనులో మరుగు మాత్రం ఇంకా లేదు.