పట్టణమునకు వెళ్లిన మన బిడ్డలు
(గిలకలదిండిలో యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగము)



శతవార్షికోత్సవము గనుక మన పితరులను గురించి చెప్పమంటారనుకొని వచ్చాను. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు బందరులో దిగిన సంగతి ఇక్కడి చిన్నపిల్లలకు కూడ తెలుసు. కాని పెద్దలు అడిగినది వేరు. "అయ్యగారూ, హైదరాబాదు వెళ్లిన పిల్లలు గుడి మరచిపోతున్నారు. వారికి గట్టిగా చెప్పండి" అన్నారు. గట్టిగా చెప్పే ముందు ఒక సంగతి మీ ముందుంచుతాను.

అమెరికాలో ఆమిష్ అను క్రైస్తవ సమాజము ఉన్నది. తెలిసి ఒప్పుకొన్నవారికే బాప్తిస్మమని 1525లో జూరిక్ పట్టణములో నిలిచినవారి సంతతి వారు. 1693లో యాకోబ్ అమ్మాన్ అను పెద్ద వెంట వేరుపడినందున ఆ పేరు వచ్చినది. మన మహబూబ్‌నగర్ వైపు ఉన్న మెన్నొనైట్ బ్రదరన్ సంఘములు కూడ ఆ మూలములోనివే. ఆమిష్‌వారు కారు కొనరు, గుర్రపు బండి తోలుకొంటారు. ఇంటికి కరెంటు లైను తెచ్చుకొనరు.

అయితే పదహారేండ్లు వచ్చిన పిల్లలకు కొంత స్వేచ్ఛ ఇస్తారు. ఇంకా బాప్తిస్మము పొందలేదు గనుక సంఘపు కట్టుబాటు వారి మీద పూర్తిగా ఉండదు. ఆ కాలమును రుమ్‌స్ప్రింగా అంటారు. చాలమంది ఇంటి దగ్గరనే ఉంటారు. కొందరు పట్టణపు బట్టలు వేసి, కారు నడిపి చూస్తారు. 2004లో యు.పి.ఎన్. అను టెలివిజను సంస్థ అటువంటివారిని ఐదుగురిని లాస్ ఏంజిలిస్‌లో ఒక ఇంట, ఆరుగురు పట్టణపు యువతతో కలిపి ఉంచి, కెమెరాలు పెట్టి దేశమంతటికి చూపినది. ప్రసారమునకు ముందే అక్కడి కాంగ్రెసు సభ్యులు కొందరు అభ్యంతరము చెప్పారు.

మనము దూరము నుండి నవ్వనక్కరలేదు. మన ఇండ్లలోను 2017 నుండి బిగ్‌బాస్ చూస్తున్నాము. 2020లో లంబాడిపల్లి గంగవ్వగారు ఆరోగ్యము చెడి మధ్యలోనే బయటికి వచ్చినప్పుడు కంటతడి పెట్టినవారున్నారు. ఆమె పెద్దావిడ, తన ఊరేదో, తానెవరో ఆమెకు తెలుసు. ఇరవై ఏండ్ల బిడ్డ సంగతి వేరు. లోలోపల తేల్చుకోవలసిన ప్రశ్నను లక్షలమంది కన్నుల ముందు తేల్చుకోవలెనంటే ఎంత కష్టము!

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మునుపు నేను సేవ చేసిన ఒక సంఘములో, హైదరాబాదులో పని చేస్తున్న యౌవనస్థుడు క్రిస్మసుకు వచ్చాడు. చెవికి పోగు, తలకు రంగు. పేరు చెప్పలేదు గాని, అందరు వెనుకకు తిరిగి అతనినే చూచేటట్లు ప్రసంగించాను. కొందరు నవ్వారు. ఆ నవ్వు నాకు బాగున్నది కూడ. అతని తల్లి తల వంచుకొన్నది. ఆ దినము అతడు సంస్కారమునకు ముందుకు రాలేదు. మరుసటి క్రిస్మసుకు అసలే రాలేదు. తరువాత ఆ తల్లి, "వాడు మీతో మాటలాడాలనే వచ్చాడు అయ్యగారూ" అన్నది. టెలివిజనువారు చేసినదానికి, నేను చేసినదానికి భేదమేమి? వారు కెమెరా పెట్టారు, నేను ప్రసంగ పీఠము వాడుకొన్నాను.

ఆమిష్ పిల్లలలో పదిమందికి ఎనిమిదిమందికి పైగా చివరకు బాప్తిస్మము తీసికొని సంఘములోనే ఉంటారు. అందుకు వారి కాఠిన్యము కూడ ఒక కారణమే. చదువు ఎనిమిదవ తరగతితో ఆపుతారు. బాప్తిస్మము తరువాత విడిచిన వారిని వెలివేస్తారు. అది మనకు ఆదర్శము కాదు. బందరులో నోబుల్ కాలేజి పెట్టిన సంఘము మనది. చదివించి పంపినది మనమే. పంపిన తరువాత వెళ్లావేమని అడుగుట న్యాయము కాదు. వారి దగ్గర నేర్చుకోవలసినది వేరొకటి కలదు. బిడ్డ సొంత నోటితో ఒప్పుకొనేవరకు కాచుకొంటారు. ఒప్పుకొన్న దినమున పని, పాట, పొరుగు అతని కొరకు సిద్ధముగా ఉంటాయి. మనము పసిబిడ్డలకు బాప్తిస్మము ఇస్తాము. వారి సొంత మాట కన్ఫర్మేషనులో వినవలెను. కంఠస్థము అప్పగించుకొని పంపివేస్తే విన్నట్లు కాదు.

ఈ ఊరివారికి ఒక సంగతి నేను చెప్పనక్కరలేదు. మొగలో ఇసుక మేట వేసినప్పుడు, వేట ముగించి వచ్చిన బోట్లు పోటు కొరకు సముద్రములోనే కాచుకొని ఉండేవి. సరంగు తప్పు లేదు, బోటు తప్పు లేదు. ఇంటి దారి పూడిపోయినది. సంఘపు మొగ కూడ నవ్వులతో, గుసగుసలతో, నావంటివారి ప్రసంగములతో పూడిపోతుంది. దానిని త్రవ్వవలసినది ఒడ్డున ఉన్నవారే.

యౌవనస్థులారా, పట్టణములో మీకు ప్రశ్నలు వస్తే దాచవద్దు. నాకు ఫోను చేయండి. మీ మాట పీఠమెక్కదని మాట ఇస్తున్నాను. తల్లిదండ్రులారా, బిడ్డ పండుగకు వస్తే ముందు అన్నము పెట్టండి, తల రంగు తరువాత చూడవచ్చును.

ఆ యౌవనస్థునికి క్షమాపణ కోరుతూ ఉత్తరము వ్రాశాను. జవాబు ఇంకా రాలేదు. కాచుకొని ఉన్నాను. అతని కొరకు మీరు కూడ ప్రార్థించండి.